మిట్టదారిలో మజిలీ

కొండదారి మీద, ఊళ్లకు దూరంగా ఒకటే ఇల్లు; లోపల పొయ్యి, నాలుగు బల్లలు, తాగడానికి ఏదో ఒకటి. ప్రయాణాలున్న చాలా దేశాల్లో ఇలాంటి మజిలీ కనిపిస్తుంది. అది వెలవడానికి మూడు సంగతులు కలిసిరావాలి. ఎద్దయినా, గుర్రమైనా, ఇంజనైనా అలసిపోయేంత ఎత్తు ఉండాలి. దరిదాపుల్లో మరో ఊరు ఉండకూడదు. నీళ్లు దొరకాలి. మొదటి రెండూ ఉన్న చోట మూడోది అరుదు కాబట్టే అలాంటి చోట్లు తక్కువ. ఒకసారి వెలిశాక మాత్రం మజిలీ అంత తేలిగ్గా చెదరదు. రాజ్యాలు మారతాయి, బండ్లు పోయి లారీలు వస్తాయి, ఆగేవాళ్లు అక్కడే ఆగుతుంటారు.

బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న పబ్బు టాన్ హిల్ ఇన్. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ బీడు కొండల మీద, సముద్ర మట్టానికి 528 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లు దాని గిరాకీ. గనులు మూతపడ్డాయి, కార్మికుల ఇళ్లు పోయాయి, పబ్బు మిగిలింది. 2021 నవంబరు చివర్లో ఆర్వెన్ తుఫాను మంచుతో దారి మూసేస్తే, ఆ సాయంత్రం పాట కచేరీకి వచ్చిన 60 మందికి పైగా జనం మూడు రాత్రులు అందులోనే ఉండిపోయారు. నేల మీద పరుపులు పరుచుకుని, పాటలు పాడుకుంటూ, క్విజ్‌లు ఆడుకుంటూ గడిపారు. స్విట్జర్లాండు, ఇటలీల మధ్య గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న సత్రానిదీ ఇదే దారి. 11వ శతాబ్దంలో వెలిసింది, ఇప్పటికీ ఒక క్రైస్తవ మఠమే నడుపుతోంది. రెండు చోట్లా నిప్పు, తిండి, పడక, పానీయం, కబుర్లు ఒకే కప్పు కింద దొరుకుతాయి. చలి దేశపు మజిలీ లక్షణమే అది. మంచులో తలుపు మూసుకుంటే గానీ బతకలేరు. తలుపు మూశాక కావలసినవన్నీ లోపలే ఉండాలి.

ఆ 528 మీటర్ల లెక్క అనంతపురం మిట్టసీమవాళ్లకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఆ సీమలోని గోరంట్లకు పొరుగున ఉన్న హిందూపురం 600 మీటర్లకు పైనే ఉంది. హిందూపురం బస్టాండులో నిలబడి టీ తాగేవాడు బ్రిటన్ కొండకొమ్ము పబ్బులో కూర్చున్నవాడికంటే ఎత్తున ఉన్నట్టు లెక్క. అయినా కొండెక్కామన్న ఊహ ఎవరికీ రాదు, ఇక్కడ నేలే ఎత్తు గనక. ఆ నేల మీద అక్కడక్కడ బోడిగుట్టలు, గుండ్లు, మధ్యలో చెనిక్కాయ చేలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే ఉండే చిత్రావతి. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసిపోతాయి. ఈశాన్య వానలు కోస్తా దాటి ఇంతదూరం వచ్చేసరికి సన్నగిల్లుతాయి. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. గోరంట్ల 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారితే మబ్బులు మారవు.

ఇక్కడ మనిషిని దారి పక్కకు తరిమేది ఎండ. ఎండ నుంచి తప్పించుకోవడానికి నీడ చాలు, గోడలు అక్కర్లేదు, తలుపు అసలే అక్కర్లేదు. నీడకు నాలుగు వైపులా తెరుపు ఉంటేనే మంచిది. అందుకని ఈ సీమలో మజిలీ ఒక్క కప్పు కిందికి చేరలేదు. నీళ్లొక చోట, నీడొక చోట, పడకొక చోట, తాగుడొక చోట, కబుర్లింకొక చోట. చలి అన్నిటినీ ఒక ఇంట్లోకి తోస్తే ఎండ వాటిని దారి పొడుగునా చెదరగొట్టింది. ఆ చెదరగొట్టిన దానికి మనుషులు కులాన్ని, సర్కారు అబ్కారీ చట్టాన్ని తోడు చేశారు. గోరంట్ల చుట్టుపక్కల దారులు చూసినవాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

మొదట నీళ్లు. వేసవిలో తాటాకు పందిరి వేసి, కింద ఇసుక పరిచి, తడిపి, కొత్త కుండలు పెట్టి, కుండలకు తడిగుడ్డ చుడితే చలివేంద్రం. కుండ చెమర్చేకొద్దీ లోపలి నీళ్లు చల్లబడతాయి. దాహానికి వచ్చినవాడు వంగి దోసిలి పడితే, పొడుగుకాడ గరిటెతోనో చెంబుతోనో పైనుంచి పోస్తారు. ఆ పోతలో శుభ్రత ఉంది. దాని చాటున అంటు కూడా ఉంది. పోసేవాడి పాత్రకు, తాగేవాడి చేతికి మధ్య జానెడు ఎడం ఉండేలా చూసిన ఏర్పాటు అది. డబ్బు తీసుకోరు, కూర్చోమనీ అనరు. తాగి ముందుకు సాగాలి.

తర్వాత నీడ. పాత రోడ్ల పక్కన చింత, వేప, మర్రి, కానుగ మాన్లు వరుసగా ఉండేవి. చింతకాయ కాపును వేలం వేసేవాళ్లు కాబట్టి చింతమాను నీడా ఇచ్చేది, సర్కారుకు రాబడీ తెచ్చేది. హిందూపురం చింతపండు మార్కెట్టుకు ఉన్న పేరు తెలిసిందే. నాలుగు వరుసల రహదారి వచ్చినప్పుడు ఆ మాన్లలో చాలా భాగం పోయాయి. వాటి బదులు రోడ్డు నడుమ గన్నేరు మొక్కలు వచ్చాయి. గన్నేరు నీడలో కోడిపిల్ల కూడా నిలవదు. మాను నీడ ఎంత దూరం పోగలదో చూడాలంటే కదిరి అవతల గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమానును చూడాలి. 5 ఎకరాల దాకా పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ రికార్డులకెక్కింది. గోడల్లేని సత్రం అంటూ ఒకటుంటే అదే.

పడకకు గుళ్లు, మంటపాలు, సత్రాలు. 1565లో తళ్లికోట దెబ్బ తిన్నాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు తరలించారు. దాంతో ఈ దారుల్లో రాకపోకలు పెరిగాయి. గోరంట్ల మాధవరాయస్వామి గుడి, లేపాక్షి వీరభద్రాలయం విజయనగర కాలపు కట్టడాలే. లేపాక్షి ఆవరణలో నేలబండ మీదే కంచాలు తొలిచి ఉన్నాయి, కూరలకు గుంటలతో సహా. గుడి కట్టిన పనివాళ్లు వాటిలో తినేవాళ్లని స్థానికులు చెబుతారు. కంచం అక్కడే ఉంటుంది, తినేవాళ్లు లేచిపోతుంటారు. మజిలీ పద్ధతిని రాతిలో చెక్కితే ఇలాగే ఉంటుంది. ఇంగ్లీషు దొరల కాలంలో ఒక రోజు నడక దూరానికొకటిగా ముసాఫరు బంగళాలు వెలిశాయి. అవి దొరలకు, ఉద్యోగులకు. దొరవారి తాగుడు పెట్టెల్లో వెంట వచ్చేది కనుక బంగళాలో అంగడి అవసరం పడలేదు.

దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జులైలో ఈ సీమలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అక్కడ ఆయన పేరు మీద ప్రభుత్వం ఒక తోపు వేసి, రాతి బావి తవ్వించింది. మద్రాసులో ఆయనకు గుర్రం మీద కంచు విగ్రహం ఉంది. బావీ తోపూ చూసినవాడికి విగ్రహం కొంచెం తేలిగ్గా కనిపిస్తుంది. ఎండనపడి పోయే సీమలో మనిషిని తలుచుకోవడానికి అంతకు మించిన తావు దొరకదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళలో తలుపు తట్టినవాళ్లకు అన్నం పెట్టి పేరు తెచ్చుకుంది. నీళ్లూ అన్నమూ పుష్కలంగా ఉన్న లంకల్లోనే ఆమెను అన్నపూర్ణ అన్నారంటే, రాగిసంగటికి కూడా వాన కోసం చూసే సీమలో బావి తవ్వించినవాడి మాట చెప్పక్కర్లేదు.

ఇక తాగుడు. టాన్ హిల్‌కు అసలైన చుట్టం ఈ సీమలో కల్లుపాక. అనంతపురం వంకల వెంబడి, చెరువు కట్టల కింద ఈతచెట్లు ఉంటాయి. గీసేవాడు చెట్టు మొవ్వుకింద ఒక వైపు మట్టలు నరికి, లేత భాగాన్ని చెక్కుతాడు. సాయంత్రం చెక్కి కుండ కడితే రాత్రంతా చుక్కచుక్కగా దిగుతుంది. ఈ ఏడు ఒక వైపు చెక్కితే వచ్చే ఏడు దానికి ఎదురు వైపు. అందువల్ల గీసిన ఈతమాను నిలువునా గంట్లు గంట్లుగా, అటూ ఇటూ వంకరలు తిరిగి కనిపిస్తుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. నడుముకు మోకు, చేతిలో గీత కత్తి, వీపున కుండ. చెట్టు మీద మనిషి బరువంతా ఆ మోకు మీదే. జారిపడి నడుములు విరిగిన గీతకార్మికులు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. కుండకు ముందే సున్నం పూసి ఉంటే పులవదు, అది నీరా. సున్నం లేకపోతే గాలిలోని, కుండకు అంటుకున్న ఈస్టు వెంటనే పనిలోకి దిగుతుంది. పొద్దెక్కేకొద్దీ నురగ వస్తుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరునాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. అంటే కల్లుకు ఒక్క పగలే ఆయుష్షు. దాన్ని సీసాలో పోసి దూరం పంపలేరు. తాగేవాడే దాని దగ్గరకు రావాలి. కల్లుపాకకు మజిలీ గుణం వచ్చింది ఇక్కడే. చెట్టున్న చోట పాక, పాక ఉన్న చోట మనుషులు, మనుషులున్న చోట ఉడకబెట్టిన గుడ్లు, కారం పెట్టిన శనగలు, మాంసపు ముక్కలు అమ్మేవాళ్లు. ఆకు దొప్పలో పోసుకుని చెట్టు కిందే కూర్చుని తాగాలి. బాటసారి ఆగితే వాడికీ ఒక దొప్ప. ఊరి బయట, వంక ఒడ్డున ఉండటం వల్ల ఊరి కట్టుబాట్లు కాస్త సడలేవి. అలాగని అందరూ కలిసి కూర్చునేవాళ్లని చెప్పడం అబద్ధమవుతుంది. ఒకసారి తాగి పారేసే ఆకు దొప్ప వాడటంలో సౌకర్యం ఎంతుందో, ఎంగిలి కలవకూడదన్న పట్టింపూ అంతే ఉంది. ఈ మధ్య కాలంలో కొన్నిచోట్ల చెట్టు తక్కువై మందు ఎక్కువై, క్లోరల్ హైడ్రేటు, డైజెపాం కలిపిన కల్లు జనాన్ని ఆసుపత్రులకు చేర్చింది. చెట్టు పేరు చెప్పి రసాయనం అమ్మే చోటును కల్లుపాక అనకూడదు.

సారా వచ్చాక కథ మారింది. సారా పులిసిపోదు, ఎంత దూరమైనా వెళ్తుంది. తాగేవాడు దాని దగ్గరకు రానక్కర్లేదు, అదే ఇంటి గుమ్మంలోకి వస్తుంది. అంగళ్లను వేలం పాటల్లో పాడుకున్నవాళ్లకు అమ్మకం ముఖ్యం, కూర్చోబెట్టడం దండగ. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేయించింది. ప్యాకెట్టు చొక్కా జేబులో పట్టింది. ఇక మజిలీతో పనేముంది?

నిషేధం చరిత్ర పొడుగైనదే గాని ఇక్కడ కావలసినంత చెప్పుకుంటే చాలు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టింది, 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో ఈ మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివర్లో నిషేధం తొలిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ మంట జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో సారా నిషేధమై, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అదీ సడలింది. సారా అంగట్లో ఒక్కనాడూ కూర్చోని ఆడవాళ్లు దాన్ని మూయించారని గుర్తుంచుకోవాలి. మగవాడు ఆగిన చోట ఖర్చయ్యేది ఇంట్లో ఆడమనిషి కూలి డబ్బు. మజిలీ మీద ముచ్చట పడి రాసేవాళ్లు ఈ పద్దు దాటేస్తుంటారు.

గోరంట్ల వైపు నిషేధానికి ఇంకో ముఖం ఉంది. కొడికొండ దాటితే కర్ణాటక. అవతల బాగేపల్లి, రాష్ట్రం వేరైనా అక్కడి వీధుల్లో మాట తెలుగే. ఇక్కడ మూస్తే అక్కడ తెరిచి ఉంటుంది, ఇక్కడ ధర పెరిగితే అక్కడ తక్కువ. అక్కడి మద్యం టెట్రా ప్యాకెట్లు సంచుల్లో ఇవతలికి రావడం, చెక్‌పోస్టులో పట్టుబడటం ఈ ప్రాంతం వార్తల్లో పాత సంగతి. సరిహద్దు దాటి తాగి వచ్చే ఆ ప్రయాణంలో దారే ఉంది, మజిలీ లేదు.

చివరి దెబ్బ సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. దేశంలో ఏటా లక్షన్నర మంది దాకా రోడ్ల మీద చనిపోతున్న రోజుల్లో, 2016 డిసెంబరు 15న ఇచ్చిన తీర్పులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదని చెప్పింది. తర్వాత, 20 వేలకు మించని జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరమని మోటారు వాహనాల చట్టం ఎప్పుడో చెప్పింది. తీర్పును తప్పుపట్టడానికి వీల్లేదు. స్టీరింగు పట్టేవాడికి మద్యం అందకుండా ఉండటమే మేలు. దాంతో ఊళ్లకు దూరంగా జాతీయ రహదారి మీద పబ్బు అనే మాటకే తావు లేకుండా పోయింది. మిగిలింది ఇనుప జాలీ కిటికీ. డబ్బు లోపలికి, సీసా బయటికి. కొన్నవాడు చెరువు కట్ట మీదో కల్వర్టు మీదో కూర్చుంటాడు. పొద్దున ఆ దారిన పోతే పగిలిన సీసా పెంకులు, ప్లాస్టిక్ గ్లాసులు చెబుతాయి. తాగడానికి అనుమతిచ్చి కూర్చోవడానికి చోటివ్వకపోతే జరిగేది ఇదే.

కబుర్ల సంగతి మిగిలింది. ఆ పని ఈ సీమలో టీ అంగడి చేస్తోంది. కదిరి నుంచి గోరంట్ల మీదుగా హిందూపురం పోయే రోడ్డు, బెంగళూరు–హైదరాబాదు రహదారి (ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44) దగ్గరపడే పాలసముద్రం వైపు ఇవి వరసగా కనిపిస్తాయి. రేకుల కప్పు, ముందు గోనెపట్టాల పందిరి, రెండు సిమెంటు బల్లలు, గాజు పెట్టెలో బన్నులు, నూనెలో తేలుతున్న మిరపకాయ బజ్జీలు. పొద్దున్నే బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పప్పుల పొడి చల్లి తాలింపు వేసిన ఉగ్గాని. సరిహద్దు అలవాటు ప్రకారం ‘వన్ బై టూ’ అంటే ఒక టీని రెండు గ్లాసుల్లో పోస్తారు. డబ్బు ఒకదానికి, కూర్చునేది ఇద్దరు. అంగడివాడికి ఇందులో నష్టం లేదు. బల్ల మీద మనుషులు కనబడితేనే పోయే బండి ఆగుతుందని వాడికి తెలుసు.

కొత్త మనిషి కనబడితే మొదటి ప్రశ్న, “యాడ్నుంచి వస్తాండారు సామీ?” ఊరు పేరు చెప్పగానే రెండోది తప్పదు: “మీ తట్టు పదునైందా?” విత్తనం వేయడానికి చాలినంతగా నేల తడిసిందా అని అడగడం. జూన్, జులై నెలల్లో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే అంగడి నిండుతుంది. ధర్మవరం నుంచి వచ్చిన లారీ డ్రైవరు తోవలో చూసిన తడి చేలు, బాగేపల్లి నుంచి వచ్చినవాడు చూసిన మబ్బు, అన్నీ ఇక్కడ జమవుతాయి. వాతావరణ శాఖ జిల్లా మొత్తానికి ఒక్క అంకె చెబుతుంది. చెనిక్కాయ రైతుకు కావలసింది ఏ వంకకు ఇవతల పడింది, ఏ గుట్టకు అవతల ఆగింది అన్నది. ఆగిన ప్రయాణికుడు టీకి డబ్బిస్తాడు, వార్త ఊరికే ఇస్తాడు. పబ్బు చేసే పనిలో సారం ఇదే అయితే, గోరంట్ల దారిలో పబ్బులకు కొరతేమీ లేదు.

అయితే ఆ బల్ల మీద ఎవరు కూర్చోవచ్చు? ఈ ప్రశ్న వేయకుండా టీ అంగడిని పొగడటం తగదు. ఆంధ్ర పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటిది. లోపలివాళ్లకు గాజు గ్లాసు. దళితులకు వేరే గ్లాసు, బయట గూట్లోనో చూరులోనో. తాగి వాళ్లే కడిగి పెట్టాలి, కూర్చుంటే నేల మీద. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరు పేరునా చెప్పి వివక్షను నిషేధించింది. ఆ జాబితా చదివితే ప్రయాణికుడు ఆగే చోట్లన్నీ వరసగా రాసినట్టే ఉంటుంది. రాసినవాళ్లలో ముఖ్యుడికి ఆ చోట్లు అనుభవమే. 1901 ప్రాంతంలో, పదేళ్లు నిండని అంబేడ్కర్ అన్నతోనూ మరికొందరు పిల్లలతోనూ తండ్రి పనిచేసే ఊరికి ఎద్దుబండిలో బయలుదేరాడు. దగ్గర తిండి ఉంది, నీళ్లు లేవు. రాత్రి సుంకం వసూలు చేసేవాడి గుడిసె దగ్గర ఆగి, కులం దాచి నీళ్లడిగినా దొరకలేదు. తిండి తినలేక, ఆకలితోనే పడుకున్నారు. ఆయన ఆత్మకథాంశాల్లో ఇది మొదటిది. దారిలో దీపం వెలిగే గుడిసె ఉన్నంత మాత్రాన అది మజిలీ అయిపోదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 1990ల నుంచి కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటివాళ్లు ఊరూరా తిరిగి గ్లాసులు కలిపించారు. తర్వాత వాడి పారేసే కాగితపు కప్పు వచ్చి, పోరాటం చేయాల్సిన చోట కొంత పని సులువుగా, కొంత తప్పించుకున్నట్టుగా చేసింది. అందరికీ ఒకే కప్పు; కడగాల్సిన ఎంగిలి ఎవరికీ లేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా తేలలేదు. బస్సో కారో టీ అంగడి ముందు ఆగితే మగవాళ్లు దిగుతారు, ఆడవాళ్లకు కిటికీ దగ్గరకు కప్పు వస్తుంది. బల్ల ఖాళీగా ఉన్నా అంతే. మరుగుదొడ్డి లేదన్న సంగతి పైకి చెప్పే కారణం, అది నిజం కూడా. దాని వెనక ఉన్నది మాత్రం బల్ల మగవాళ్లదన్న అలవాటు. అంగడి నడిపేది ఆడమనిషే అయిన చోట కూడా, పోసేది ఆమె, కూర్చునేది వాళ్లు. పెట్రోలు బంకులు, పెద్ద రహదారి హోటళ్లు వచ్చాక ఆడవాళ్లు దిగడం మొదలైంది. ఈ ఒక్క లెక్కలో పాత చింతచెట్టు కింది అంగడి కంటే మెరిసే గాజు హోటలుదే పైచేయి.

ఆర్టీసీ బస్సులు ఆగే హోటళ్లది వేరే న్యాయం. ఆగేదెక్కడో తేల్చేది ప్రయాణికుడి ఆకలి కాదు, డ్రైవరు మాట. డ్రైవరుకు, కండక్టరుకు భోజనం ఉచితం. ఆ ఖర్చు యాభై మంది ఇడ్లీల్లో కలుస్తుంది. “పది నిమిషాలే, పది నిమిషాలే” అని కేక వేసిన కండక్టరు ఇరవై నిమిషాలకు పళ్లు కుట్టుకుంటూ బయటికి వస్తాడు. అడిగేవాడు ఉండడు.

44వ నంబరు రహదారి మీద ఇప్పుడు అన్ని రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. లారీవాళ్ల వెంట ఉత్తరాది నుంచి దిగిన ధాబా, పేరు పంజాబీదై వంట కదిరివాడిదైంది. పక్కన మాంసాహారానికి ‘మిలిటరీ హోటల్’ బోర్డు, సంగటి, నాటుకోడి పులుసు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు చేయడం మొదలుపెట్టాక కొరియా లిపిలో బోర్డులు పెట్టిన భోజనశాలలూ వచ్చాయి. ఎర్రమట్టి మిట్ట మీద కిమ్చీ దొరుకుతుందని తళ్లికోట నాటి బాటసారి నమ్మి ఉండడు. గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల శాఖల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ 2024 జనవరిలో మొదలైంది. సుంకం వసూలు చేయడం నేర్చుకునేవాళ్లు సాయంత్రం టీకి ఆ దారి బల్లల మీదికే రావాలి.

విడిది కోసమే కొండ ఎక్కాలనుకునేవాళ్లకు మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండలున్నాయి. కడప కలెక్టరు హార్స్‌లీ వేసవికని 19వ శతాబ్దంలో బంగళా కట్టుకున్న చోటది; ఎత్తు 1,265 మీటర్లు. చల్లగా ఉంటుంది, చూడదగ్గదే. అక్కడికి వెళ్లినవాళ్లు చేరుకున్నవాళ్లు, ఆగినవాళ్లు కారు. దారి అక్కడితో అయిపోతుంది గనక దాన్ని మజిలీల్లో లెక్కించడం కుదరదు.

దారుల సంగతి మళ్లీ మారబోతోంది. కొడికొండ దగ్గర మొదలై కడప జిల్లా మీదుగా ముప్పవరం దాకా, సుమారు 340 కిలోమీటర్లు, 544జి నంబరుతో కొత్త రహదారి కడుతున్నారు. దాని మొదటి భాగం అక్కడి కోడూరు నుంచి గోరంట్ల మండలంలోని వానవోలు దాకా. పాత ఊళ్లను తాకకుండా పొలాల మీదుగా పోయే ఈ దారి మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి వీలుండదు. పక్కన టీ అంగడి పెట్టుకోవడం కూడా కుదరదు. 40 నుంచి 60 కిలోమీటర్లకొకటిగా విశ్రాంతి స్థలాలకు జాతీయ రహదారుల సంస్థే వేలం పెట్టి, గెలిచినవాళ్ల చేత కట్టిస్తుంది. పెట్రోలు, మరుగుదొడ్లు, తిండి, పడక మళ్లీ ఒకే కప్పు కిందికి చేరతాయి, మద్యం తప్ప. చలి లేకపోయినా ఏసీ ఉంది కనుక తలుపులు మూసే ఉంటాయి. అక్కడ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ఆడవాళ్లు దర్జాగా కూర్చుంటారు, కులం అడిగేవాడుండడు. పదునైందా అని అడిగేవాడూ ఉండడు, చుట్టుపక్కల పొలాలవాళ్లకు లోపలికి దారే లేదు గనక. బెంగళూరు నుంచి ఆ దారి ఎక్కినవాడికి గోరంట్ల ఒక పచ్చ బోర్డు మీద పేరుగానే కనబడుతుంది. పాత కదిరి–హిందూపురం రోడ్డు మీది అంగళ్లకు ఇక లారీల గిరాకీ ఎంత నిలుస్తుందన్నది, దిగే దార్లు ఎక్కడెక్కడ ఇస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది. భూములు కొనేవాళ్లు ఇప్పటికే ఆ లెక్కలు వేసుకుంటున్నారు. టీ అంగళ్లవాళ్లూ వేసుకుంటున్నారు. వాళ్లకు కావలసింది రెండు బల్లలు పట్టే చోటు, దగ్గర్లో ఒక బోరు.